అవ్వ వద్దన్న మాట రాయవచ్చునా?

పుంగనూరు దగ్గర ఒక ఎరుకల కాలనీ ఉంది. ఊరి పేరు చెప్పం. ఎందుకు చెప్పమో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. ఆ కాలనీలో ఎనభై ఏళ్ళు దాటిన అవ్వ ఒకామె ఉంది. మాలో ఒకతను పిహెచ్‌డి పని మీద ఆమె దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళాడు. అతనూ ఎరుకల ఇంటివాడే. మొదటి మూడుసార్లూ ఆమె గంపలు, చాటలు అల్లే పని గురించి, పందుల గురించి, సోది చెప్పడానికి వాళ్ళమ్మ కోలారు దాకా నడిచిపోయిన రోజుల గురించి చెప్పింది. నాలుగోసారి, ఇతను అడగకుండానే, వాళ్ళ నాయన సంగతి ఎత్తింది. రోజూ రాత్రి దీపం పట్టుకొని మునసబు ఇంటి అరుగు దగ్గరికి పోయి హాజరు చెప్పి రావాల్సి ఉండేదట. పొరుగూరి సంతకు పోవాలన్నా చీటీ కావాలట. ఒకసారి చీటీ లేకుండా పోయినందుకు ఏం జరిగిందో కూడా చెప్పింది. చెప్పి, కాసేపు ఊరకుండి, "ఇది మాత్రం రాయద్దు నాయనా" అంది.

ఎందుకవ్వా అని అడిగాడు.

"మనవరాలికి సంబంధాలు చూస్తా ఉండాము. నువ్వు మనోడివి గాబట్టి చెప్పినా. నీకు డాక్టరు పట్టా వస్తాది, మాకు పాత పేరు మళ్ళా వస్తాది" అంది.

అతను ఆ రాత్రి మదనపల్లె బస్సెక్కి మా దగ్గరికి వచ్చాడు. మేము నలుగురం. ఇద్దరం సుగాలీలం, అతను ఎరుకల, ఇంకొకరు యానాది. మా ఇళ్ళలో చరిత్ర చదువుకున్న మొదటివాళ్ళం మేమే. ఆ రాత్రి మొదలైన వాదన మా మధ్య రెండేళ్ళకు పైగా నడిచింది. అవ్వ మాట వినాలా, పరిశోధన ధర్మం ప్రకారం దొరికిన నిజాన్ని రాయాలా? వినడానికి చిన్న ప్రశ్నలాగే ఉంటుంది. చరిత్రలో డిగ్రీ నుంచి డాక్టరేట్ దాకా పోవాలనుకునే మన పిల్లలందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురవుతుందని మా నమ్మకం. అందుకే రాస్తున్నాం.

డిగ్రీలో ఉన్నప్పుడు మాకు ఇలాంటి ఇబ్బంది రాలేదు. కారణం, ఆ చరిత్రలో మేము లేం. మదనపల్లెలో చరిత్ర అనగానే అందరూ గర్వంగా చెప్పేది ఒకటుంది. అనీ బిసెంట్ 1915లో ఇక్కడ కళాశాల పెట్టడం, 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ బస చేయడం, జనగణమనను ఆయన ఇక్కడే ఇంగ్లీషులోకి తేవడం, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ బాణీకి స్వరలిపి రాయడం. ఇదంతా నిజం. మాకూ గర్వమే. పరీక్షల్లో చాలాసార్లు రాశాం కూడా. అయితే ఠాగూర్ వచ్చిన ఆ కాలంలోనే ఇదే మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకలవాళ్ళను నేరస్థ తెగగా ప్రకటించి, వేలిముద్రలు తీసి, రిజిస్టర్లో ఎక్కించి, హాజరు పిలుస్తున్నారని మాకు డిగ్రీలో ఎవరూ చెప్పలేదు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడిందని చదువుకున్నాం. అదే 1911లో నేరస్థ తెగల చట్టాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించేలా తిరగరాశారన్న ముక్క ఆ పాఠంలో లేదు.

గిరిజనుల పాఠం అసలు లేదనలేం. అల్లూరి సీతారామరాజు రంప పోరాటం ఉంది, కొమురం భీం ఉన్నాడు, బిర్సా ముండా ఉన్నాడు. వాళ్ళను చదివి మేమూ ఉప్పొంగాం. కానీ మనది మన్యం కాదు. చిత్తూరు సీమలో ఐదో షెడ్యూలు ప్రాంతమే లేదు. ఊరి చివరి తండా, చెరువు కట్ట కింది యానాది గుడిసెలు, రోడ్డు పక్క ఎరుకల కాలనీ, ఇవే మన చోట్లు. అడవి లేని గిరిజనులకు పాఠ్యపుస్తకంలో చోటు దొరకదు. మాలో ఒకరిని తరగతిలో ఒక అధ్యాపకుడు నవ్వుతూనే అడిగాడు: "మీవాళ్ళకు చరిత్ర ఎక్కడుందయ్యా, ఆచారాలుంటాయి గానీ?" ఆయన చెడ్డ మనిషేం కాదు. ఆయన చదివిన పుస్తకాల్లో అలాగే ఉంది. చరిత్ర శాస్త్రమని ఒకటి, మానవ శాస్త్రమని ఇంకొకటి పెట్టి, రాజులను మొదటి దాంట్లో, మనల్ని రెండో దాంట్లో వేశారు.

ఎం.ఏ.కి వచ్చాక గానీ పుస్తకాన్ని కూడా ప్రశ్నించవచ్చని తెలియలేదు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి జీతం తింటూ రాశారు, ఎవరి కోసం రాశారు? ఈ నాలుగు ప్రశ్నలు చేతికొచ్చాక పాత పుస్తకాలు వేరేగా కనిపించడం మొదలైంది. ఉపాధ్యాయ మిత్రుల కోసం ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాం, ఎందుకంటే మా మొదటి ఆరు నెలలు ఈ సంగతి తెలియకే వృథా అయ్యాయి. 1911కు ముందు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీ, కుప్పం ఉన్న కంగుంది జమీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. కాబట్టి మదనపల్లె తండాల పాత సంగతులకు కడప జిల్లా కాగితాలు వెతకాలి, పుంగనూరు, కుప్పం సంగతులకు ఉత్తర ఆర్కాటు కాగితాలు వెతకాలి. 2022లో జిల్లాల గీతలు మళ్ళీ మారాయి గానీ పాత కాగితాలు తమ చోటు మార్చుకోవు. ఆ కాగితాల్లో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కుప్పంలో రైలెక్కితే నేరుగా చెన్నైలో దిగొచ్చు.

కడప జిల్లా మాన్యువల్‌ను 1875లో గ్రిబుల్ అనే ఐసీఎస్ అధికారి రాశాడు. ఉత్తర ఆర్కాటు మాన్యువల్‌ను ఆర్థర్ కాక్స్ రాయగా, 1890లలో హెరాల్డ్ స్టువర్ట్ సవరించాడు. ఆ మాన్యువల్లో కులాల గురించి, మన తెగల గురించి పేజీలున్నాయి. ఎవరు ఏం తింటారు, ఎలా పెళ్ళాడతారు, ఎవరు దొంగలు అన్నదంతా తేల్చి చెప్పినట్టు ఉంటుంది. ఈ హెరాల్డ్ స్టువర్ట్ ఆ తర్వాత మద్రాసు పోలీసు శాఖకు పెద్ద అయ్యాడు, ఆపైన మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక మండలి సభ్యుడయ్యాడు. గుంటూరు జిల్లాలో 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి ఎరుకలవాళ్ళ కోసం పెట్టిన సెటిల్‌మెంటుకు ఆయన పేరే పెట్టారు. అదే స్టువర్టుపురం.

ఇది తెలిసిన రోజు మాకు నిద్ర పట్టలేదు. మన గురించి పుస్తకం సవరించిన చెయ్యీ, మన మీద పోలీసును నడిపిన చెయ్యీ ఒకటే. దాన్నే మనం "ఆధారం" అని ఫుట్‌నోట్‌లో వేస్తున్నాం. 1892లో మద్రాసు ప్రెసిడెన్సీ నేరస్థ వర్గాల మీద పుస్తకం రాసిన మల్లాలీ పోలీసు అధికారి. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన థర్‌స్టన్ పుస్తకం అలాంటి పాత రాతలను ధారాళంగా వాడుకుంది. ఈనాటికీ లైబ్రరీలో "ఎరుకల" అని వెతికితే ముందు చేతికొచ్చేవి ఇవే.

అవ్వ మాట మీద మా వాదనలో ఇదే పెద్ద బలమైంది. "మనం రాయకపోతే మల్లాలీ రాసిందే మిగులుతుంది. అవ్వ నోరు మూసుకున్నంత మాత్రాన పోలీసు పుస్తకం మూసుకోదు" అన్నాడు ఎరుకల మిత్రుడు. అతని మాటలో న్యాయముంది. ఆ చట్టం ఎంత దుర్మార్గమైందంటే, ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటిస్తే ఆ ప్రకటన సరైందా కాదా అని ఏ కోర్టూ విచారించడానికి వీల్లేదు. ఏ నేరమూ చేయని మనిషి, పుట్టిన ఇంటిని బట్టి రిజిస్టర్లోకి ఎక్కేవాడు. మద్రాసు రాష్ట్రం దాన్ని 1947లో రద్దు చేసింది. దేశమంతటా పోవడానికి 1952 ఆగస్టు 31 దాకా పట్టింది. ఆ మధ్యలో 1949లో ఆ చట్టాన్ని పరిశీలించి రద్దు చేయమన్న కమిటీకి అధ్యక్షుడు మన తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగారే. మన జిల్లా పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? అవ్వ చెప్పిన దీపం, అరుగు, చీటీ లేకుండా ఈ చట్టాన్ని ఎవరికైనా ఎలా అర్థమయ్యేలా చెబుతాం?

అవ్వ భయంలోనూ న్యాయముంది. 1991లో "స్టువర్టుపురం పోలీస్ స్టేషన్" అని సినిమా వచ్చింది. 2023లో "టైగర్ నాగేశ్వరరావు" వచ్చింది. ఊరి పేరు చెబితే దొంగ గుర్తొచ్చేలా చేశాయి ఇలాంటివి. చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటినా, చుట్టుపక్కల దొంగతనం జరిగితే ముందు ఏ కాలనీలోకి జీపు వస్తుందో మనకు తెలుసు. అవ్వ చదువుకోలేదు గానీ పేరు ఎలా అంటుకుంటుందో మాకంటే ఆమెకు బాగా తెలుసు.

ఇంతలో మా సుగాలీల వంతు వచ్చింది. ఇంకొకరి ఇంటి రహస్యం మీద నీతులు చెప్పడం సులభం, మన ఇంటి గొప్ప మీద చెయ్యి పడితే తెలుస్తుంది. మా తండాల్లో చిన్నప్పటి నుంచి వినేది, మనం రాజపుత్రులమని, రాణా ప్రతాప్ వెంట నడిచినవాళ్ళమని. ఎం.ఏ. సెమినారులో మాలో ఒకామె ఇదే రాసుకొని పోయింది. చదివాక వెనక కూర్చున్న ఎరుకల మిత్రుడే అడిగాడు: "స్టువర్ట్‌ను అడిగిన ప్రశ్నలు దీన్నీ అడుగుదామా?" ఆమెకు కోపం వచ్చింది. వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత తనే వచ్చి, "నువ్వు మాత్రం ఏకలవ్యుడి వంశమని చెప్పుకోవా?" అంది. అతను నవ్వాడు. ఇద్దరూ కూర్చొని రెండు కథలనూ విప్పి చూశారు.

చూస్తే తేలింది ఇది. మా గోర్ బోలి రాజస్థానీ భాషలకు దగ్గర చుట్టం. ఎరుకలవాళ్ళ కుర్రు భాష ద్రావిడ భాష, తమిళానికి దగ్గర. ఎవరూ కావాలని తయారుచేయని సాక్ష్యం ఇది. అమ్మలు బిడ్డలకు నేర్పుకుంటూ వచ్చింది. మావాళ్ళు వాయవ్యం నుంచి వచ్చారని భాషే చెబుతుంది. వచ్చినవాళ్ళు రాజులని మాత్రం భాష చెప్పదు. రాజుల వెంట వచ్చామన్న గొప్ప మనకు ఎప్పుడు, ఎందుకు అవసరమైందన్నది ఇంకో మంచి పరిశోధనాంశం. మనల్ని నీచంగా చూసిన సమాజంలో తలెత్తుకోవడానికి పెద్దలు పట్టుకున్న కర్ర కావచ్చది. ఆ కర్రను విరిచి పారేయమని మేం అనడం లేదు. సేవాలాల్ మహారాజ్ గుత్తి దగ్గర 1739 ఫిబ్రవరి 15న పుట్టారని తండా నమ్ముతుంది, ఆ రోజున జయంతి చేస్తుంది, మేమూ భోగ్‌లో కూర్చుంటాం. భక్తికి రుజువు అక్కర్లేదు. థీసిస్‌లో రాసేటప్పుడు మాత్రం "సంప్రదాయం ప్రకారం" అన్న రెండు మాటలు చేర్చాలి. ఆ రెండు మాటలకే మా బంధువొకాయన "చదువుకొని సేవాభయ్యా పుట్టుకనే అనుమానిస్తారా" అని మండిపడ్డాడు. ఆయనకు సర్ది చెప్పడానికి ఒక పూట పట్టింది, సగమే ఒప్పుకున్నాడు.

ఇంతకంటే కష్టమైంది ఇంకొకటి. మనవాళ్ళు ఆంగ్లేయుల మీద పోరాడారని రాస్తే సభల్లో చప్పట్లు వస్తాయి. కానీ మొగిలి కనుమ మీద నిలబడి చూడండి. 1791 ఫిబ్రవరిలో కార్న్‌వాలిస్ ఆ కనుమ ఎక్కి, పలమనేరు వైపుగా మైసూరు రాజ్యంలోకి, టిప్పు సుల్తాన్ మీదికి సైన్యాన్ని నడిపాడు. ఆ యుద్ధంలో కంపెనీ సైన్యానికి ఎద్దుల మీద ధాన్యం మోసిన వర్తకుల్ని ఇంగ్లీషు రికార్డులు "బ్రింజారీలు" అన్నాయి. ఆ బంజారాలు మావాళ్ళే. ధర గిట్టినవాళ్ళకు ధాన్యం అమ్మారు, ఏ సైన్యమని చూడలేదు. వాళ్ళ వృత్తి అది. దీన్ని దాచి వీరగాథ అల్లితే మల్లాలీ చేసిన పనినే మనం తిప్పి చేసినట్టు. అతను నచ్చనివాళ్ళ గురించి చెడు ఏరుకున్నాడు, మనం నచ్చినవాళ్ళ గురించి మంచి ఏరుకుంటాం.

ఈ నిజం ఒప్పుకున్నాకే మాకు అసలు కథ దొరికింది. రాజులు, సైన్యాలు ఎవరైనా సరే, లోతట్టు ఊళ్ళకు ఉప్పు చేరాలంటే, కరువులో ధాన్యం చేరాలంటే మన ఎద్దులు, గాడిదలు నడవాల్సిందే. మద్రాసులో కంపెనీ 1805లో ఉప్పును తన గుత్త చేసుకుంది. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు దాకా రైలు పట్టాలు పడ్డాయి, అవి కుప్పం మీదుగానే పోయాయి. గూడ్సు బండి ఒక్క రోజులో మోసే సరుకుకు వందల ఎద్దుల బిడారు కావాలి. సుగాలీల పెరికె ఎద్దుల వ్యాపారమూ, ఉప్పు ఎరుకల వ్యాపారమూ అలా మెల్లగా చచ్చాయి. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవాళ్ళను చూసి, వీళ్ళెందుకు తిరుగుతున్నారు, దొంగతనానికే అని సర్కారు తేల్చింది. మీనా రాధాకృష్ణ 2001లో తెచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో మద్రాసు ప్రెసిడెన్సీ కొరవల సంగతి ఇలాగే రికార్డుల నుంచి విప్పి చూపించింది. ఆమె మన తెగ మనిషి కాదు. భంగ్యా భుక్యా లంబాడీ ఇంట పుట్టి, ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, నిజాం రాజ్యంలోని లంబాడీల మీద 2010లో పుస్తకం తెచ్చాడు. మనవాళ్ళే మన చరిత్ర రాయాలన్న పట్టుదల మాకూ ఉంది గానీ, బయటివాళ్ళు రాస్తే తప్పు, మనం రాస్తే ఒప్పు అన్న లెక్క మాత్రం ఈ రెండు పుస్తకాలూ చదివాక మాకు కుదరలేదు. ఆ రైలు గురించి ఇంకో మాట. ఎగ్మూరు ఆర్కైవ్స్‌కి మేము పోయేది దాని మీదే. మా ముత్తాతల ఎద్దుల్ని కూర్చోబెట్టిన పట్టాల మీద వాళ్ళ కాగితాలు వెతుక్కోవడానికి జనరల్ బోగీలో నిలబడి పోతుంటాం.

సరే, అవ్వ సంగతికి వద్దాం. గొప్ప కథను రుజువు లేదని తగ్గించి రాయగలిగినవాళ్ళం, అవమానపు కథను రుజువు ఉందని రాసేయడానికి ఎందుకు తటపటాయిస్తున్నాం? మాలో యానాది మిత్రుడు ఇక్కడ ఒక తేడా చూపించాడు. అతని పరిశోధన శ్రీహరికోట మీద. రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు దీవి ఖాళీ చేసి వచ్చిన యానాది కుటుంబాలతో మాట్లాడుతుంటాడు. "రాణా ప్రతాప్ కథ తప్పని రాస్తే ఎవరికీ దెబ్బ తగలదు, మన పొగరుకు తగులుతుంది. అవ్వ కథ రాస్తే దెబ్బ ఆ మనవరాలికి తగులుతుంది. ఆ పిల్ల నీకు ఏం చెప్పలేదు, ఏం ఒప్పుకోలేదు" అన్నాడు. అందరి తరఫున చెప్పుకునే గొప్పను అందరి ముందూ పరీక్షించవచ్చు. ఒక ఇంటి గాయాన్ని మాత్రం ఆ ఇంటివాళ్ళు తెరిస్తేనే చూడాలి. సర్కారు చేసిన పనికి సర్కారు కాగితమే సాక్ష్యం చెప్పగలదు. చట్టం ఉంది, ఉత్తర్వులు ఉన్నాయి, కమిటీ నివేదిక ఉంది. వాటిని వెతకడం కష్టం కాబట్టి, పక్కనే కూర్చున్న అవ్వను అడగడం సులభం కాబట్టి, అవ్వను సాక్షి బోనులో నిలబెడుతున్నాం. ఇది మాకు సిగ్గనిపించింది.

ఎరుకల మిత్రుడు మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. కాగితం హాజరు పద్ధతి చెబుతుంది గానీ, హాజరు చెప్పి వచ్చిన నాయన ఆ రాత్రి అన్నం తిన్నాడో లేదో చెప్పదు అనేవాడు. అదీ నిజమే. ఆర్కైవ్స్‌లో మనం ఎప్పుడూ ఎవరో రాసిన వాక్యంలో కర్మగానే కనిపిస్తాం, కర్తగా ఒక్కచోటా ఉండం. దానికి మా దగ్గర జవాబు లేదు. ఒక నష్టం ఎలాగూ తప్పదని, ఆ నష్టాన్ని మా థీసిస్ భరించాలి గానీ అవ్వ భరించకూడదని మాత్రం చివరికి అనుకున్నాం.

పిహెచ్‌డి చేయబోయేవాళ్ళకు ఇక్కడ కొన్ని లెక్కలు చెప్పాలి, ఎందుకంటే ఈ నీతి అనీతి ఆకాశంలో తేలవు, గడువుల మధ్య, డబ్బు మధ్య తేలతాయి. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్‌డికి కనీసం మూడేళ్ళు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్ళు. నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం తెచ్చుకుంటే ఎం.ఏ. లేకుండానే పిహెచ్‌డికి అర్హత, ఎస్టీలకు ఐదు శాతం సడలింపు ఉంది. ఎస్టీ విద్యార్థులకు కేంద్రం ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తుంది. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు. నెట్ చరిత్ర పేపరు తెలుగులో ఉండదు, ఇంగ్లీషు, హిందీల్లోనే. తెలుగు మాధ్యమం పిల్లలు దానికి డిగ్రీ మొదటి ఏడు నుంచే సిద్ధం కావాలి, ఉపాధ్యాయులు దయచేసి ముందే చెప్పండి. మన దగ్గరే కుప్పంలో 1997లో మొదలైన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. మూడు రాష్ట్రాలు కలిసే చోటది, మన భాషలన్నీ సంతలో వినిపించే చోటు.

ఈ గడువుల ఒత్తిడిలో పడ్డవాడికి అవ్వ కథ బంగారంలా కనిపిస్తుంది. గైడు మెచ్చుకుంటారు, సెమినారులో అందరూ కొత్త సంగతి అంటారు. ఫెలోషిప్ అయిపోయేలోగా అధ్యాయం పూర్తవుతుంది. అవ్వకు ఏం వస్తుంది? ఆమె చదవలేని ఇంగ్లీషులో, ఆమె చూడని లైబ్రరీలో ఆమె నాయన నిలబడి ఉంటాడు. పూర్వం దొర అడిగితే చెప్పారు, రాసుకొని పోయాడు. ఇప్పుడు మనవాడు అడిగితే చెప్పారు, మనవాడూ రాసుకొని పోతే ఆ గుమ్మం ముందు ఇద్దరికీ తేడా ఏముంటుందని మాలో మేము చాలాసార్లు అడుక్కున్నాం. అందుకే రాసిన ప్రతి ముక్కనూ సమర్పించే ముందు చెప్పినవాళ్ళకు వాళ్ళ భాషలో చదివి వినిపించాలని నియమం పెట్టుకున్నాం. మొదట అది మర్యాద కోసమే అనుకున్నాం. తీరా వినిపిస్తే తప్పులు బయటపడ్డాయి. గంపల గురించి రాసిందాంట్లో వెదురు కోసే కాలం తప్పు రాశాడని అవ్వ నవ్వింది. మా తండాలో ఒక నాయక్ తాత మేం రాసిన ఊరి పేర్లలో రెండింటిని సరిదిద్దాడు. ఒకచోట మాత్రం అతను చెప్పిందే తప్పని రికార్డు చూపిస్తే, "అట్లనా, మా నాయన అట్లే చెప్పె" అని ఊరుకున్నాడు, కోపగించుకోలేదు.

మిత్రుడి థీసిస్‌లో హాజరు పద్ధతి మీద అధ్యాయం ఉంది. అంతా చట్టం, ఉత్తర్వులు, కమిటీ నివేదికల మీద నడుస్తుంది. అవ్వ లేదు, దీపం లేదు. మౌఖిక పరీక్ష రోజున బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, ఈ అధ్యాయంలో మనుషుల గొంతులు లేవే అని అడిగారట. ఉన్నాయి సార్, ఇవ్వడానికి వాళ్ళ అనుమతి లేదు అని చెప్పాడట. ఈ వ్యాసంలో ఆ సంగతి ఎలా వచ్చిందని మీరు అడగవచ్చు. అవ్వకు చదివి వినిపించాం. ఊరు, పేరు లేకుండా, చీటీ లేకుండా పోయిన రోజు ఏం జరిగిందో చెప్పకుండా ఉంటే సరే అంది. ఆ మాత్రానికి కూడా రెండు నెలలు ఆలోచించింది.

ఆ రోజు ఆమె చెప్పిందంతా ఉన్న నోటుబుక్కును మిత్రుడు తన దగ్గర పెట్టుకోలేదు, అవ్వ ఇంట్లోనే ఇచ్చి వచ్చాడు. అది ఆర్కైవ్స్‌లో ఉండాల్సిన వస్తువని, ఇంట్లో చెదలు పట్టిపోతుందని మాలో ఒకరు ఇప్పటికీ వాదిస్తున్నారు. పోయిన ఏడు ఆ మనవరాలికి పెళ్ళయింది. ఆమె చెల్లెలు ఈ ఏడు మదనపల్లెలో చరిత్ర మేజర్‌గా డిగ్రీలో చేరింది. నోటుబుక్కు ఇప్పుడు ఆ పిల్ల పెట్టెలో ఉంది.